మడత సైకిలు

మడత కుర్చీయు, మడత మంచమును మన యిండ్లకు క్రొత్తవి కావు. పండుగకో పెండ్లికో చుట్టములు దిగినప్పుడు వాటిని విప్పి వేయుదుము. పని తీరిన తరువాత మడిచి గోడవార చేర్చుదుము. చోటు తక్కువగను, అవసరము ఎక్కువగను ఉన్న సంసారములలో మడత అనునది గొప్ప ఉపాయము. ఆ ఉపాయమునే సైకిలునకు పట్టించినప్పుడు ఏర్పడిన వాహనము మడత సైకిలు. దానిని నడిమికి మడిచి, సంచిలో పెట్టి, రైలులోనో బస్సులోనో తీసికొనిపోయి, దిగినచోట విప్పి ఎక్కి పోవచ్చును. క్రొత్తగా చూచినవారికి మొదట ఆశ్చర్యము, వెంటనే అనుమానము కలుగును. "నడుము దగ్గర విరుగునది మనిషిని ఎట్లు మోయును?" అని అడుగనివారు అరుదు. ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. మామూలు సైకిలులో గొట్టములన్నియు ఒకదానికొకటి అతికి ఉండగా, ఇందులో మనిషి బరువును మోయు చోటనే ఒక కీలు ఉన్నది. ఆ కీలును నమ్మి రోడ్డు మీదికి పోవువారు దాని గుణమేమో, దానిని సరిచూచుకొను పద్ధతి యేదో తెలిసికొని యుండవలెను. ఈ ప్రసంగములో ఆ సంగతులనే, తిరుపతి చిత్తూరు ప్రాంతముల వాడుకకు అన్వయించి, చెప్పదలచినాను.

తిరుపతి పట్టణపు అమరిక ఇట్టి వాహనమునకు తగినట్లున్నది. ఉత్తరమున శేషాచలము గోడవలె నిలిచియుండగా, ఊరు దాని పాదమున పరచుకొనియున్నది. రైల్వే స్టేషను గోవిందరాజస్వామి ఆలయమునకు దగ్గరగా ఊరి నడుమ ఉన్నది. అక్కడినుండి తిరుచానూరు సుమారు 5 కిలోమీటర్లు. రేణిగుంట జంక్షను సుమారు 10 కిలోమీటర్లు. చంద్రగిరి పన్నెండు పదమూడు కిలోమీటర్లు. 1954లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, ఆస్పత్రులును, కచేరీలును పట్టణములోనే తలా ఒక దిక్కున ఉన్నవి. నడచుటకు ఇవి దూరములు. మోటారు బండి తీయుటకు దగ్గరలు. ఇట్టి నడిమి దూరములకు సైకిలును మించినది లేదు.

ఇక ఊరు దాటి పోవువారి సంగతి. పాకాల, చిత్తూరుల మీదుగా కాట్పాడికి ఒక రైలుమార్గము కలదు. రేణిగుంట, పుత్తూరుల మీదుగా చెన్నై వైపునకు మరియొకటి కలదు. 2022లో తిరుపతి వేరు జిల్లా అయినది గాని, చిత్తూరునకును తిరుపతికిని మధ్య రాకపోకలు వేరు కాలేదు. చదువుకో, కొలువునకో, వైద్యమునకో ప్రతిదినము ఈ దారులలో వచ్చిపోవువారు అనేకులు. వారి ప్రయాణములో రైలు వంతు చాలవరకు సాఫీగానే జరుగును. ఇంటినుండి స్టేషనుకు, దిగిన స్టేషనునుండి పనిచోటికి ఉన్న రెండు మూడు కిలోమీటర్లే వారిని వేధించును. ఆటో దొరకునా, ఎంత అడుగును, నలుగురు నిండువరకు ఎంతసేపు నిలుపును అన్న చింత ఆ కొద్ది దూరమునకే. మడత సైకిలు పుట్టినది సరిగా ఈ కొద్ది దూరము కొరకే.

పూర్వము ఈ ఇబ్బందికి రెండు విరుగుడులు ఉండెడివి. నిలుకడగల ఉద్యోగి ఇంటి దగ్గర ఒక సైకిలు ఉంచుకొని, దిగు స్టేషను స్టాండులో మరియొక పాత సైకిలును పెట్టుకొనెడివాడు. అంత స్తోమత లేనివాడు బాడుగ సైకిళ్ళ అంగడిలో గంట లెక్కన ఒకటి తీసికొనెడివాడు. బాడుగ సైకిలు మీదనే, సీటు అందక, బారు క్రింది సందులో కాలు దూర్చి, ఒంటిప్రక్కగా త్రొక్కి నేర్చినవారు మన పెద్దలలో ఎందరో కలరు. ఆ అంగళ్ళు దాదాపు కనుమరుగైనవి. మోటారు బండ్లు పెరిగినవి. వాటితోపాటు రద్దీయు, నిలుపుకొను చోటునకై వెదకులాటయు పెరిగినవి. అద్దె వాటాలలోను, పై అంతస్తులలోను కాపురమున్నవారికి పెద్ద సైకిలును మెట్ల మీదుగా మోసికొనిపోవుట కష్టము. క్రింద వదలుట భయము. ఈ స్థితిలో మంచము క్రిందనో తలుపు వెనుకనో ఒదిగి యుండు సైకిలునకు విలువ ఏర్పడినది.

ఇది నిన్న మొన్న పుట్టిన ఊహ కాదు. 1890 దశకములో ఫ్రాన్సు దేశపు సైనికాధికారి కెప్టెన్ గెరార్డ్ సైనికులు వీపున మోసికొని పోదగిన మడత సైకిలును ప్రచారములోనికి తెచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటను దేశపు బి.ఎస్.ఎ. సంస్థ, విమానములనుండి గొడుగులతో దూకు సైనికుల కొరకు మడత సైకిళ్ళను వేలకొలది తయారుచేసెను. వాటి చక్రములు మామూలు పరిమాణమునవే. గొట్టములను మాత్రము నడుమ కోసి, కీళ్ళు పెట్టి, రెక్కల నట్టులతో బిగించెడివారు. ఆ బి.ఎస్.ఎ. అన్న మూడక్షరములు మన వీధులకును సుపరిచితములు. 1949లో మద్రాసులో ఏర్పడిన టి.ఐ. సైకిల్స్ సంస్థ హెర్క్యులిస్, ఫిలిప్స్, బి.ఎస్.ఎ. పేర్లతో చేసిన సైకిళ్ళు తెలుగు ఊళ్ళలో తిరుగని వీధి లేదు.

చిన్న చక్రముల సైకిలునకు గౌరవము తెచ్చినది అలెక్స్ మౌల్టన్ అను ఆంగ్ల ఇంజనీరు. 1962లో ఆయన వెలువరించిన సైకిలు మడుగునది కాదు గాని, చిన్న చక్రములకు అదురును తగ్గించు అమరిక జోడించినచో అవి పెద్దవాటికి తీసిపోవని అది నిరూపించినది. 1970 దశకము నడుమ లండనులో ఆండ్రూ రిచీ అను ఇంజనీరు తన నివాసములోనే ఒక మడత సైకిలును రూపొందించెను. తన కిటికీనుండి కనిపించు బ్రాంప్టన్ చర్చి పేరునే దానికి పెట్టెను. 16 అంగుళముల చక్రములతో, వెనుక చక్రము క్రిందికి ముడుచుకొని, మిగిలినది దానిని చుట్టుకొనునట్లు చేసిన ఆ కూర్పు నేటికిని వాడుకలో నున్నది. అదే దశకమున చమురు కరవు వచ్చినప్పుడు, పెట్రోలు బంకుల ముందు వరుసలను చూచిన డేవిడ్ హాన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు అమెరికాలో ఈ పనికి పూనుకొనెను. 1982లో ఆయన డాహాన్ సంస్థను నెలకొల్పెను. యుద్ధము, చమురు కరవు, చోటు కరవు — ఏదో ఒక ఇరుకు వచ్చినప్పుడెల్లను మనుష్యులు సైకిలును మడుచుటకు యత్నించిరని ఈ చరిత్రవలన తెలియుచున్నది.

మడత సైకిలును చూచి పిల్లలు "సర్కసు సైకిలు" అని కేకలు వేయుట కద్దు. దానికి కారణము చిన్న చక్రములు. ఇంత చిన్న చక్రముతో పోవుటకు రెండింతలు త్రొక్కవలెనేమో అని పెద్దలును భ్రమపడుదురు. ఇది లెక్క వేసి చూడదగిన సంగతి. పెద్ద సైకిలు చక్రపు కొలత 28 అంగుళములు. అది ఒకసారి తిరిగినచో రమారమి 2 మీటర్ల 23 సెంటీమీటర్లు సాగును. పెడళ్ళ దగ్గర 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలునకు 18 పళ్ళు ఉన్నవనుకొందము. అప్పుడు పెడలు ఒక చుట్టు తిరిగినచో సైకిలు సుమారు 5 మీటర్ల 45 సెంటీమీటర్లు ముందుకు పోవును. అవే పళ్ళను 20 అంగుళముల చక్రమునకు అమర్చినచో పోవు దూరము సుమారు 3 మీటర్ల 90 సెంటీమీటర్లే. అందుచేత మడత సైకిలునకు ముందు పళ్ళను పెంచి, వెనుక పళ్ళను తగ్గింతురు. ముందు 52, వెనుక 14 ఉన్నచో ఒక చుట్టునకు సుమారు 5 మీటర్ల 90 సెంటీమీటర్లు సాగును. పిట్ట కొంచెమైనను కూత ఘనమైనట్లు, చక్రము చిన్నదైనను నడక చిన్నది కాదు.

అయినను చిన్న చక్రమునకు తన స్వభావము తనకు కలదు. హ్యాండిలు కొంచెము త్రిప్పినను సైకిలు వెంటనే తిరుగును. పెద్ద సైకిలునకు అలవాటుపడినవారికి మొదటి రెండు దినములు ఇది తడబాటుగా తోచును. కావున ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న మాటను ఇక్కడ పాటించుట మేలు. తెల్లవారుజామున రద్దీలేని వీధిలోనో, ఖాళీ మైదానములోనో కొన్నాళ్ళు త్రొక్కి, చేయి కుదిరిన తరువాతనే గాంధీ రోడ్డువంటి సందడి చోట్లకు పోవలెను. ఒక చేత గొడుగు పట్టుకొని, ఒక చేత హ్యాండిలు పట్టు పాత విద్య దీనిమీద పనికిరాదు. పెద్ద చక్రము దాటిపోవు గుంటలో చిన్న చక్రము దిగబడును. వేగనిరోధకపు గట్ల దగ్గర నెమ్మదింపవలెను. రైలు గేటు దగ్గర పట్టాలను అడ్డముగా, తిన్నగా దాటవలెను. ఏటవాలుగా పోయినచో చక్రము పట్టా సందున చిక్కుకొనును. 2023లో తెరచిన శ్రీనివాస సేతువువంటి ఎత్తుదారులను వేగముగా పోవు బండ్లకు విడిచి, క్రింది దారిని పట్టుట ఇట్టి సైకిలునకు క్షేమము.

ఇప్పుడు మడత పద్ధతి. నడుమ కీలు గల సైకిళ్ళకు సాధారణముగా నాలుగు మెట్లు ఉండును. మొదట ఎడమ పెడలును, మడుచుకొనునదైనచో, లోపలికి మడువవలెను. రెండవది, హ్యాండిలు గొట్టము మొదట ఉన్న మీటను విప్పి హ్యాండిలును క్రిందికి వాల్చవలెను. మూడవది, నడిమి కీలు మీటను విప్పి, ముందు చక్రము వెనుక చక్రము ప్రక్కకు వచ్చునట్లు మడువవలెను. కొన్నిటికి రెండు చక్రములు విడిపోకుండ అయస్కాంతము ఉండును. నాలుగవది, సీటు కడ్డీని క్రిందికి దించవలెను. కొన్ని రకములలో హ్యాండిలు వంతు నడిమి కీలు తరువాత వచ్చును. తయారుచేసినవారి సూచనలను చూచి ఆ క్రమమునే పట్టవలెను. విప్పునప్పుడు ఇదే క్రమమును తలక్రిందులుగా నడుపవలెను. అమ్మువారు పది పదునైదు సెకండ్లలో మడిచి చూపుదురు. క్రొత్తవారికి రెండు మూడు నిమిషములు పట్టును. తొందర అక్కరలేదు. రైలు వచ్చునప్పుడు ప్లాట్‌ఫారము మీద నేర్చుకొనుట కంటె, ఇంటిలో పది మారులు మడిచి విప్పి చేతికి అలవాటు చేసికొనుట యుక్తము. క్రమము తప్పినచో గొలుసు జారుట, బ్రేకు తీగ మెలిపడుట మొదలగు చిక్కులు కలుగును.

అన్నిటికంటె ముఖ్యమైనది నడిమి కీలు. దీని బలమంతయు రెండు విషయములపై ఆధారపడియున్నది: కీలు ముఖములు ఒకదానికొకటి సందులేక ఆనుట, మీట తగిన బిగువుతో మూసికొనుట. మీటను మూయునప్పుడు సగము దారి సులభముగా రావలెను; అక్కడినుండి అరచేతి బలమును కోరవలెను. కడవరకు ఒక వ్రేలితోనే మూయగలిగినచో బిగువు చాలదని గ్రహింపవలెను. రెండు చేతులతో తొక్కిపట్టి మూయవలసివచ్చినచో బిగువు మితిమీరినది. బిగువు చాలనిచో కీలు కదలును; మితిమీరినచో మీటయు, దాని మరయు అరిగి విరుగును. సరిచేయుటకు మీట దగ్గర చిన్న నట్టు ఉండును. దానిని ఒక్కసారికి పావు చుట్టు మించి త్రిప్పరాదు. త్రిప్పి, మూసి, చూచి, అవసరమైనచో మరల పావు చుట్టు త్రిప్పవలెను. మీట మూసిన తరువాత అది తనంత తాను తెరచుకొనకుండ ఒక చిన్న కొక్కెమో గొళ్ళెమో ఉండును. అది పడినదో లేదో కంటితో చూచుటయే గాక వ్రేలితో తాకి తెలిసికొనవలెను.

కీలులో ఆట ఏర్పడినదా అని పరీక్షించు మార్గము సులభము. సైకిలు ప్రక్కన నిలిచి, ముందు బ్రేకు గట్టిగా పట్టి, సైకిలును ముందునకు వెనుకకు ఊపవలెను. ఎడమచేతి వ్రేలిని కీలు సందున ఆనించి యుంచినచో, "టక్కు" మను కదలిక ఉన్నయెడల వ్రేలికి తెలియును. హ్యాండిలు కీలునకును ఇదే పరీక్ష. కదలిక ఉన్నంతవరకు సైకిలు ఎక్కరాదు. వారమున కొకసారి కీలు చుట్టును పొడిగుడ్డతో తుడిచి, రంగుపూతలో వెండ్రుకవంటి బీట ఏదైన ఉన్నదా అని వెలుతురులో పరిశీలింపవలెను. బీట కనిపించినచో అది పైపూతలోనిదే యనుకొని ఉపేక్షింపరాదు. తెలిసిన మరమ్మతుదారునికి చూపువరకు త్రొక్కుట మానవలెను. మన ప్రాంతమున ఎముక విరిగినవారు పుత్తూరు కట్టునకు పోవుట ప్రసిద్ధము. సైకిలు కీలును పట్టించుకొననివాడు తన కీలునకు కట్టు కట్టించుకొన వలసివచ్చును.

తరువాతది సీటు ఎత్తు. పెద్ద సైకిళ్ళ సీటును ఒకసారి బిగించినచో ఏండ్ల తరబడి అట్లే ఉండును. మడత సైకిలు సీటును ప్రతిదినము దించుట, ఎత్తుట జరుగును గనుక ఎత్తు దినమునకొక తీరుగా మారుచుండును. సీటు మీద కూర్చుండి, పెడలు పూర్తిగా క్రిందికి వచ్చినప్పుడు మడమను దానిమీద ఆనించినచో కాలు తిన్నగా ఉండవలెను. త్రొక్కునప్పుడు పాదపు ముందుభాగమును పెడలుపై ఉంచుదుము గనుక మోకాలు కొంచెముగా వంగియుండును. ఇదియే తగిన ఎత్తు. నేల అందుట లేదను భయముతో సీటును మిక్కిలి దించి త్రొక్కువారు నాలుగు దినములలో మోకాళ్ళ నొప్పియని సైకిలును మూలకు త్రోయుదురు. దోషము సైకిలుది కాదు, సీటుది. ఎక్కువ ఎత్తినను చిక్కే; తుంటి అటునిటు ఊగి నడుము నొచ్చును. కడ్డీ మీద "ఇంతకుమించి ఎత్తరాదు" అను గీత ఒకటి చెక్కియుందురు. ఆ గీత బయటకు కనిపించునంత ఎత్తుట ప్రమాదము.

ఒక చిన్న యుక్తి అనుభవమున చాల మేలుచేసినది. తగిన ఎత్తు కుదిరిన చోట కడ్డీ చుట్టు రంగు పట్టీ ఒకటి అంటించుట. మా యింటిలో ఒకే సైకిలును ముగ్గురము వాడుదుము. తండ్రికి ఎఱ్ఱ పట్టీ, తల్లికి పచ్చ పట్టీ, కూతురునకు నీలిపట్టీ. ఎవరు తీసికొనిన వారు తమ పట్టీవరకు ఎత్తి బిగింతురు. వాదము లేదు, వెదకులాట లేదు. సీటు కడ్డీకి నూనె పూయరాదు; పూసినచో త్రొక్కుచుండగా బరువునకు సీటు దిగిపోవును. దుమ్ము తుడిచి పొడిగా ఉంచుట చాలును. సీటు క్రింది మీటకును నడిమి కీలునకు చెప్పిన బిగువు సూత్రమే వర్తించును.

టైరులలో గాలి సంగతి తరువాత చూతము. చిన్న చక్రములో గాలి తగ్గినచో త్రొక్కుట భారమగుటయే గాక, గుంటలో రిమ్ము నేలకు తగిలి ట్యూబు నొక్కుకొని చిల్లుపడును. టైరు ప్రక్కనే ఎంత గాలి పట్టవలెనో అచ్చువేసి యుందురు; ఆ హద్దులలో ఉంచవలెను. వారమున కొకసారి గాలి చూచుకొనుట మంచి అలవాటు. మన దారులలో సర్కారు తుమ్మ ముండ్లును, పల్లేరు కాయలును పుష్కలము. పంక్చరు వేయువానికి చిన్న చక్రమని భయములేదు గాని, క్రొత్త ట్యూబు కావలసినప్పుడు కొలత చూడవలెను. 20 అంగుళములని పిలువబడు టైరులలోనే రెండు కొలతలు కలవు. టైరుపై 406 అనియో 451 అనియో అంకె ఉండును. ఆ అంకె కలిసినప్పుడే టైరు కుదురును. గాలి మూతి కూడ మన పాత వాల్వు ట్యూబు రకము కాక, మోటారు బండ్ల రకమై యుండవచ్చును. అప్పుడు పంపు మార్చవలెను. సంచిలో ఒక ట్యూబును, చిన్న పంపును ఉంచుకొన్నవారికి ఏ ఊరిలోను దిగులులేదు.

బ్రేకు దిమ్మలు రిమ్మునకు రెండు ప్రక్కల సమానముగా, ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎడముతో ఉండవలెను. దిమ్మ టైరునకు తగులరాదు. తగిలినచో టైరు కోసికొనిపోవును. మడుచునప్పుడు తీగలు వంగును గనుక కాలక్రమమున అవి సాగి, బ్రేకు మీట హ్యాండిలు దాక వచ్చును. మీట దగ్గర నున్న చిన్న గొట్టపు మరను చుట్టు చుట్టుగా విప్పినచో తీగ బిగియును. గేర్లు గలదానికి కూడ ఇట్టి మరయే. గొలుసు ఒక పల్లు మీదినుండి మరియొకదాని మీదికి పోక తటపటాయించినచో పావు చుట్టు త్రిప్పి చూడవలెను. గొలుసునకు నూనె చుక్కలుగా వేసి, పైపైనున్నది తుడువవలెను. ఎక్కువైన నూనెకు మన ఎఱ్ఱదుమ్ము అంటుకొని, పళ్ళను ఆకురాయివలె అరుగదీయును. మడిచినప్పుడు ప్రయాణికుల బట్టలకు మసియై అంటును. చిత్తూరు ప్రాంతమునకు ఐప్పసి కార్తీకములలో వచ్చు ఈశాన్యపు వానలు జోరైనవి. తడిసిన సైకిలును మడిచి సంచిలో కట్టివేయరాదు. విప్పి, తుడిచి, ఆరబెట్టి, కీలు సీలకు ఒక చుక్క నూనె వేసిన తరువాతనే దాచవలెను.

ఎత్తుపల్లముల విషయమున హద్దు తెలిసి మెలగవలెను. తిరుమల సముద్రమట్టమునకు సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్నది. 1944లో తెరచిన మొదటి ఘాటు రోడ్డును, 1974లో వచ్చిన రెండవదియు మలుపులు నిండిన కొండదారులు. చిత్తూరు, పలమనేరుల నడుమ మొగిలి ఘాటును, పీలేరు దారిలో భాకరాపేట ఘాటును అట్టివే. వీటిపై మడత సైకిలు సాహసము తగదు. ఎక్కుట కష్టమని మాత్రమే కాదు. దిగుటలోనే అపాయము ఎక్కువ. బ్రేకు పట్టినంతసేపు రిమ్ము వేడెక్కును. చిన్న రిమ్ములో లోహము తక్కువ గనుక అది త్వరగా కాలిపోవును. బ్రేకు పట్టు సడలును, టైరు పగులవచ్చును. ఊరిలోని చిన్న వాలులలో కూడ బ్రేకును ఒకే పట్టున నొక్కక, పట్టి విడుచుచు, వెనుకదానిని ముందుగాను, ముందుదానిని మెల్లగాను వాడవలెను.

రైలులో, బస్సులో దీనిని తీసికొనిపోవుటకు మర్యాద యొకటి కలదు. విప్పిన సైకిలు సరకు. మడిచి సంచిలో కట్టినది చేతిసామాను వంటిది. అయినను దాని పరిమాణము, బరువు నియమములకు లోబడినవో లేదో ముందుగా స్టేషనులో అడిగి తెలిసికొనుట మంచిది. సామాన్యముగా ఈ సైకిళ్ళు 10 మొదలు 14 కిలోగ్రాముల వరకు తూగును. దీనిని భుజాన వేసికొని పైవంతెన మెట్లు ఎక్కుట పెద్దవారికి సులభము కాదు. చక్రములమీద దొర్లించుకొని పోదగిన రకమును ఎంచుకొనవలెను. పెట్టెలో తలుపునకు అడ్డముగా పెట్టరాదు. గొలుసు వైపు గోడకు త్రిప్పి, సీటు క్రిందనో మూలనో ఉంచి, కదలకుండ ఒక పట్టీ కట్టినచో ఎవరికిని ఇబ్బంది ఉండదు. తోటి ప్రయాణికులు తప్పక ప్రశ్నలడుగుదురు. ఓపికగా మడిచి విప్పి చూపుటయు ప్రయాణములో ఒక భాగమని అనుకొనవలెను.

ఇది చేయలేని పనులను కూడ చెప్పినగాని ప్రసంగము న్యాయముగా ఉండదు. మన దేశమున సైకిలు ఒక బండి. పాలక్యాన్లు, గడ్డిమోపులు, మామిడి గంపలు, వెనుక భార్య, ముందు బిడ్డ — అన్నిటిని అది మోసినది. మడత సైకిలు ఒక్కరినే మోయునట్లు కూర్చినది. ఎంత బరువు వరకు తగునో దానిపై వ్రాసియుందురు. పలు రకములకు అది 100 కిలోగ్రాముల దరిదాపున ఉండును. వెనుక కారియరు ఉన్నంతమాత్రమున దానిమీద రెండవ మనిషిని కూర్చుండబెట్టరాదు. ఆ బరువంతయు కీలుపైననే పడును. పాలు, కూరలు అమ్ముకొను వారికి పెద్ద సైకిలే నేటికిని సరియైన నేస్తము. ధర కూడ మామూలు సైకిలునకు మించి యుండును. పల్లెదారుల గుంటలలో రోజుకు ఇరువది కిలోమీటర్లు పోవలసినవానికి ఇది తగదు. పట్టణపు సాపైన దారిలో ఐదారు కిలోమీటర్లు పోవువానికి, నడుమ రైలు గాని బస్సు గాని ఎక్కువానికి ఇది తగినది.

మరి దీనివలన ఎక్కువ లాభపడువారెవరు? నా దృష్టిలో ఇంతవరకు సైకిలునకు దూరముగా ఉన్నవారు. పెద్ద సైకిలు బారు ఎత్తున ఉండుటవలన చీర కట్టిన స్త్రీలకును, కాలు ఎత్తలేని వృద్ధులకును అది అందరానిదైనది. మడత సైకిలు నడిమి గొట్టము క్రిందుగా ఉండును. అడుగు వేసినట్లు దాటవచ్చును. సీటు దించి రెండు పాదములు నేల కానించి నేర్చుకొనవచ్చును; నేర్చిన తరువాత పట్టీవరకు ఎత్తుకొనవచ్చును. పొరుగున తమిళనాట పుదుక్కోట జిల్లాలో 1991 ప్రాంతమున అక్షరాస్యతా ఉద్యమముతోపాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చిరి. ఎవరినో అడుగక, ఎవరికొరకో వేచియుండక, తమ పనికి తాము పోగలుగుట ఎంత స్వాతంత్ర్యమో ఆ స్త్రీలు లోకమునకు చూపిరి. నేడు పట్టణములలో ఉద్యోగమునకు పోవు స్త్రీకిని, మందులకై ఆస్పత్రికి పోవు విశ్రాంత ఉద్యోగికిని అట్టి స్వాతంత్ర్యమే కావలసియున్నది.

ఎండకాలమున తిరుపతిలో వేడి 40 డిగ్రీలు దాటుట సాధారణము. ఉదయము తొమ్మిదిలోపున, సాయంకాలము ఎండ చల్లారిన పిమ్మట సైకిలు పని పెట్టుకొనుట, వెంట నీరుంచుకొనుట ఆరోగ్యకరము. చీకటి పడిన తరువాత వెనుక ఎఱ్ఱ దీపము లేకుండ పోరాదు. చిన్న సైకిలు లారీ నడుపువాని కంటికి సులభముగా ఆనదు. తలకు శిరస్త్రాణము ధరించుట నవ్వులాట కాదు.

కొనదలచినవారు అంగడిలో రంగును, గేర్ల సంఖ్యను చూచి తృప్తిపడక, తామే రెండు మారులు మడిచి విప్పి చూడవలెను. ఎత్తి నాలుగు మెట్లు ఎక్కి చూడవలెను. కీలు మీటకు, నట్టులకు విడిభాగములు ఈ ప్రాంతమున దొరకునో లేదో అడుగవలెను. దొరకని వస్తువుతో ఎంత అందమైన సైకిలైనను మూలబడును.

ప్రతి ఉదయము ఎక్కుటకు ముందు ఒక్క నిమిషము చాలును. బొటనవ్రేలితో టైరు నొక్కి గాలి చూడవలెను. రెండు బ్రేకులు పట్టి వదలవలెను. నడిమి కీలు మీట, హ్యాండిలు మీట, సీటు మీట — ఈ మూడింటిని వరుసగా తాకి, గొళ్ళెములు పడినవని నిశ్చయించుకొనవలెను. ముందు బ్రేకు పట్టి ఒకసారి ఊపి, శబ్దము లేదని వినవలెను. "నడుము దగ్గర విరుగునది మనిషిని ఎట్లు మోయును?" అను ప్రశ్నకు సమాధానము ఈ ఒక్క నిమిషములోనే ఉన్నది. ఉక్కు తన పని తాను చేయును. బిగించు చేయి తన పని మరువకుండవలెను. ఆ అలవాటు ఇంటిల్లిపాదికి అబ్బినచో, తలుపు వెనుక ఒదిగియుండు ఈ చిన్న వాహనము ఏండ్ల తరబడి ఆ ఇంటివారిని వేళకు స్టేషనుకు, వేళకు ఇంటికి చేర్చును.